లావుపాటి మనుషుల ప్రేమ - మన నవ్వు

నరసరావుపేటలో నేను పాఠాలు చెప్పుకునే కాలంలో, అంటే 1990 ప్రాంతాల్లో, విద్యార్థుల చేత ఏటా ఒక నాటిక వేయించేవాణ్ణి. ఇతివృత్తం ఏదైనా అందులో ఒక భూస్వామి వుండేవాడు. భూస్వామికి తప్పనిసరిగా బొజ్జ వుండేది. ఆ వేషానికి మా దగ్గర ఒక కుర్రవాడు సిద్ధంగా వుండేవాడు. గురజాల వైపు పల్లె అతనిది. తండ్రి మిరపకాయ కోతలకు పోయే కూలి. కుర్రవాడు చిన్నప్పటి నుంచీ లావు. మొదటి ఏడు వేషాలు పంచుతూ, "నీకైతే దిండు కట్టే శ్రమ లేదు" అన్నాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. చదువుకున్న మూడేళ్లూ అతనే భూస్వామి.

మూడో ఏడు అతని తండ్రి నాటిక చూడవచ్చాడు. కూలి వేషగాళ్లంతా కర్రలెత్తి ఆయన కొడుకును వేదిక మీద నుంచి తరిమేశారు. సభ అంతా చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం చేతులు వొళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆనాడు నేను దాన్ని చూశాను గాని, అర్థం చేసుకోలేదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు మాచర్లలో బడి పంతులు. గత సంక్రాంతికి భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. ఆమె కూడా భారీ మనిషే. మాటల మధ్య అన్నాడు: "మాస్టారూ, ఒక్కసారైనా నాకు కూలివాడి వేషం ఇచ్చి వుంటే బాగుండేది. మా నాయన చూసేవాడు." నిష్ఠూరంగా అనలేదు. ఆ నాయన ఇప్పుడు లేడు. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ కొంతైనా తీర్చుకోవడానికి రాస్తున్నాను.

ప్రశ్న ఇది. మనిషి శరీరాన్ని చూసి అతని నీతిని నిర్ణయించవచ్చునా? కూడదని మనమందరం ఒప్పుకుంటాం. నలుపు, తెలుపు, పొట్టి, పొడుగు అని మనుషులను ఎంచేవాళ్లను మనం సహించం. కాని లావు దగ్గరకు వచ్చేసరికి మన సిద్ధాంతం కొంచెం నిద్రపోతుంది. ప్రపంచమంతటా అభ్యుదయవాదుల వ్యంగ్యచిత్రాల్లో పెట్టుబడిదారు బొజ్జతోనే పుట్టాడు. 1917 తర్వాతి సోవియట్ గోడపత్రికల్లో అతను అట్లాగే కనిపిస్తాడు. మన గోడల మీదా అట్లాగే కనిపించాడు.

దీనికి చారిత్రక కారణం లేకపోలేదు. ఆకలి సాధారణమైన చోట లావు మిగులుకు గుర్తు. పల్నాడు అటువంటి చోటే. ఇక్కడ జొన్నకూడు తప్ప మరొకటి దొరకదని శ్రీనాథుడు ఎగతాళి చేసినట్టు చాటుపద్యాలు ప్రచారంలో వున్నాయి. సన్నబియ్యానికి అలవాటుపడిన నోరు మెట్టపొలాల కూటిని చూసి నవ్వింది. కాని కాలం మారింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. మెట్ట మాగాణి అయినచోట వరి పండింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కంచంలో అన్నం నిండింది గాని పప్పు, కూర, పాలు అంతగా పెరగలేదు. పొలంలో యంత్రాలు దిగాయి, కూర్చుని చేసే పనులు పెరిగాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో మూడోవంతుకు పైగా అధిక బరువు కలవారే. వీళ్లంతా భూస్వాముల భార్యలా? ఇవాళ నరసరావుపేట బజారులో కొలత ప్రకారం జొన్నరొట్టె కొనుక్కుని, డబ్బు కట్టి వ్యాయామం చేసి నాజూకుగా వుండగలిగేవాడు వున్నవాడు. శ్రీనాథుడు నవ్విన కూడు శ్రీమంతుల పథ్యమైంది. మన వ్యంగ్యచిత్రం మాత్రం వున్నచోటనే వుంది.

అసలు ఆ గుర్తు సరిపోయిన రోజుల్లోనైనా అది న్యాయమేనా? 'పెట్టుబడి' గ్రంథానికి 1867లో రాసిన ముందుమాటలో మార్క్స్ ఒక జాగ్రత్త చెప్పాడు. వ్యక్తులను తాను ఆర్థిక సంబంధాల ప్రతినిధులుగా మాత్రమే పరిశీలిస్తున్నానన్నాడు; ఆ సంబంధాలకు ఏ ఒక్క మనిషినో బాధ్యుణ్ణి చేయడం తన వుద్దేశం కాదన్నాడు. అనగా మన పోరాటం భూమి ఎవరి చేతిలో వున్నదన్న దానితో. భూస్వామి నడుము కొలతతో మనకు పని లేదు. బక్కచిక్కిన భూస్వామీ కౌలు పిండుకోగలడు. నేను మాత్రం నాటికలో సులువైన దారి తొక్కాను. బొజ్జ కనబడగానే ప్రేక్షకుడికి శత్రువెవరో తెలిసిపోతుంది. ఇక అతను ఎట్లా దోచుకుంటున్నాడో, అప్పుపత్రంలో ఏం రాయించుకున్నాడో చూపించవలసిన అవసరం నాకు లేకుండా పోయింది.

ఇక వినోద వ్యాపారం సంగతి. తెరమీద లావుపాటి మనిషికి రెండు ఉద్యోగాలే వున్నాయి: భయపెట్టడం, నవ్వించడం. మూడోది, అంటే ప్రేమించడం, అతనికి దక్కదు. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'ను గుర్తు చేసుకోండి. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ వున్న చిత్రానికి సూర్యకాంతం పాత్ర పేరు పెట్టారు. అది ఆ మహానటికి దక్కిన గౌరవం, కాదనను. అయినా అందులో గుండమ్మ వితంతువు, సవతితల్లి. ప్రేమలూ పాటలూ సావిత్రివి, జమునవి. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడుగా ఎస్.వి. రంగారావు పెళ్లివంటకాల ముందు ఒంటరిగా కూర్చుని వాటన్నిటినీ ఖాళీ చేస్తుంటే మనం ఆనందంగా నవ్వుతాం. ఆ నవ్వులో హేళన లేదు. కాని ఆ పెళ్లి ఇంకొకరిది.

2015 నవంబరులో ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో 'సైజ్ జీరో' వచ్చింది. లావుపాటి యువతి కథ. సన్నబరుస్తామని చెప్పి ప్రాణాల మీదికి తెచ్చే దుకాణాలను అది ఎండగట్టింది. ఆ మేరకు మేలే చేసింది. కాని నాయిక పాత్ర కోసం నాజూకైన తారగా పేరున్న అనుష్క బరువు పెరిగింది. నిజంగా లావైన నటి ఆ పాత్రకు నోచుకోలేదు. నాయకుడు ఆర్య బక్కపలచని వాడే. మా మాచర్ల పంతులు దీన్నే ఎత్తి చూపాడు. "ఒకళ్లు లావైతే రెండోవాళ్లు దయ తలచినట్టు వుంటుంది మాస్టారూ. ఇద్దరూ లావైతే జనానికి అది ప్రేమలాగే కనబడదు. మేమిద్దరం బండి మీద పోతుంటే టైరు సంగతి అడగనివాడు మా వూళ్లో లేడు" అన్నాడు.

ఆ ఇద్దరూ మెచ్చుకుని చూసిన కథ ఒకటి వుంది. అది అమెరికాది. పేరు 'మైక్ అండ్ మాలీ'. మార్క్ రాబర్ట్స్ సృష్టించిన ఈ హాస్య ధారావాహిక సి.బి.ఎస్. టెలివిజనులో 2010 సెప్టెంబరు 20న మొదలైంది. మొదటి ఏడు 24 భాగాలు. షికాగోలో మైక్ పోలీసు, మాలీ నాలుగో తరగతి పిల్లలకు పంతులమ్మ. ఇద్దరూ భారీ మనుషులే. ఆ పాత్రలు వేసిన బిల్లీ గార్డెల్, మెలిస్సా మెకార్తీ కూడా దిండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు కారు. అతితిండి మానుకోవాలనుకునే వాళ్ల సమావేశంలో వాళ్లకు పరిచయమవుతుంది. బరువు తగ్గాలన్న కోరిక ఇద్దరికీ వుంది. కాని ప్రేమ అందాకా ఆగదు. సన్నబడిన తర్వాత ఇచ్చే బహుమానంగా ప్రేమను చూపకపోవడం ఈ కథలోని నీతి. జీతం, ఇరుకు ఇల్లు, మాట తూలే తల్లి, నాజూకైన చెల్లెలు - వీటి మధ్య ఇద్దరు శ్రామికులు ఒకరినొకరు కోరుకుంటారు.

ఇందులో లోపం లేదని అనను. లావు మీద విసుర్లు అడుగడుగునా వున్నాయి. మైక్ తోటి పోలీసు విసురుతాడు, ఫలహారశాలలో వడ్డించేవాడు విసురుతాడు, చూసే జనం నవ్వుతారు. మైకే తన మీద తాను విసురుకుంటాడు. అది చూస్తే నాకు మొదటి ఏడు నాతోపాటు నవ్విన నా విద్యార్థి గుర్తు వచ్చాడు. తనను చూసి తాను నవ్వుకోవడం గొప్ప గుణమని మనం మెచ్చుకుంటాం. కాని ఎదుటివాడు నవ్వబోతాడని తెలిసి ముందే నవ్వేవాడు పన్ను చెల్లిస్తున్నాడు. ఆ పన్ను వసూలు చేసినవాణ్ణి నేను.

విసుర్లను సహించిన సమాజం ముద్దును మాత్రం సహించలేకపోయింది. 2010 అక్టోబరులో అక్కడి ఒక స్త్రీల పత్రిక తరఫున రాసిన రచయిత్రి, ఇద్దరు లావుపాటివాళ్లు ముద్దు పెట్టుకుంటే చూడలేనని, తనకు వెగటు పుడుతుందని రాసింది. వేలకొద్దీ నిరసనలు వచ్చిన మీదట క్షమాపణ చెప్పుకుంది. ఆమెను నిందించి వూరుకోవడం సులభం. ఆమె బయటికి అన్నది, మన వూళ్లలో పెళ్లిచూపుల నాడు లోపలి గదిలో అనుకుంటున్నాం. అబ్బాయి లావైతే కట్నం కొంచెం తగ్గుతుందేమో. అమ్మాయి లావైతే కట్నం పెరుగుతుంది. శరీరం సరుకైనప్పుడు తూకం తప్పదు.

కొందరు మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పవచ్చు. స్థూలకాయం వల్ల మధుమేహం, గుండెజబ్బు వస్తాయి గదా, దాన్ని మెచ్చుకోవడమా అనవచ్చు. వైద్యుడు చెప్పవలసిన మాట వైద్యుడు చెప్పాలి, మనం వినాలి. క్షయరోగి గురించి కూడా వైద్యుడు చెబుతాడు. అందుకని క్షయరోగిని చూసి నవ్వం. ఇక రెండోది: అన్నం లేనివాళ్లు ఇంకా వుండగా ఇది మధ్యతరగతి మనోవేదన కాదా? పోషణ లేని తిండి తిని ఆకలి తీర్చుకున్న కూలి కొడుకు శరీరం కూడా ఆహార సమస్యలో భాగమే. ఒక చోట బక్కచిక్కడం, ఒక చోట ఉబ్బడం - రెంటినీ లాభం కోసం నడిచే అంగడే శాసిస్తున్నది.

నవ్వు మానేయమని నేను అనను. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడని పల్నాటి కథ చెబుతుంది. ఆ చాపకూడు దగ్గర నవ్వు లేకుండా వుంటుందా? ఒకే చాప మీద కూర్చున్నవాళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకోవచ్చు. నేను నా విద్యార్థిని చాప మీద నుంచి లేపి, ఎదురుగా నిలబెట్టి నవ్వించాను. తేడా అక్కడ వుంది.

నాటికలు వేయించే యువ మిత్రులకు ఒక మనవి. వచ్చే ఏడు మీ భూస్వామిని సన్నగా వుంచి చూడండి. అప్పుడు అతని దోపిడీని మాటలోనూ చేతలోనూ చూపించక తప్పదు. నాటిక కష్టమవుతుంది, బాగుపడుతుంది. మీలో లావుపాటి కుర్రవాడు వుంటే అతనికి కర్ర ఎత్తే వేషం ఇవ్వండి. నాయిక చేయి పట్టుకునే వేషం ఇస్తే మరీ మంచిది. అతని తల్లిదండ్రులకు ముందు వరసలో చోటు వుంచండి.