కార్డు రుసుము – కాయక ధర్మము

భోజనశాలలు, లాడ్జీలు, పెండ్లి హాళ్ళు నడుపు మనవారిలో తరచుగా తలెత్తు ప్రశ్న యొకటి కలదు. అతిథి కార్డుతో సొమ్ము చెల్లించినపుడు బ్యాంకు కొంత రుసుము మినహాయించుకొనును. దానిని యజమాని భరింపవలెనా, అతిథిపై వేయవచ్చునా? చూచుటకిది చిల్లర లెక్కయే. కాని సంపాదన ఎంత అనుదానికంటె అది ఎట్లు వచ్చినదను విచారమునకు బసవేశ్వరుని మార్గమున ఎక్కువ విలువ గలదు. కావున కొంత ఆలోచింపవలసియున్నది.

ముందుగా లెక్క చూతము. పెండ్లి భోజనముల బిల్లు లక్ష రూపాయలు. క్రెడిట్ కార్డుపై రుసుము 2 శాతమనుకొన్నచో 2,000 రూపాయలు పోవును. ఆ రుసుముపై 18 శాతము జి.ఎస్.టి. మరి 360 రూపాయలు. 5 శాతము పన్ను పద్ధతిలో నున్న భోజనశాలకు ఈ 360 తిరిగి రాబట్టుకొను వీలు లేదు. వంటవాని కూలి, గ్యాసు, బియ్యము పోగా మిగులు స్వల్పమైనచోట 2,360 రూపాయలు తేలిక మొత్తము కాదు. యజమాని మొరను కొట్టివేయరాదు.

అయితే డెబిట్ కార్డు విషయమున వాదమునకు తావు లేదు. రిజర్వు బ్యాంకు 2018 జనవరి 1 నుండి ఈ రుసుమునకు హద్దులు విధించినది: సాలీనా 20 లక్షల లోపు వ్యాపారము గలవారికి 0.40 శాతము, తక్కినవారికి 0.90 శాతము. దానిని కొనుగోలుదారుపై మోపకుండ చూడవలెనని బ్యాంకులను ఆదేశించినది. 2020 జనవరి 1 నుండి రూపే డెబిట్ కార్డుపైనను, ఖాతా నుండి నేరుగా జరుగు యూ.పి.ఐ. చెల్లింపుపైనను ఈ రుసుమే లేదు. లేని రుసుము పేరిట గల్లా వద్ద 2 శాతము అడుగుట కాయకమనిపించుకొనదు.

మిగిలినది క్రెడిట్ కార్డు. అతిథి జంగమ స్వరూపుడు, అతని నుండి రుసుము కోరుటయే దోషమని కొందరందురు. ఇది దాసోహమును వ్యాపారముతో కలిపి చూచుట. మఠములోని పంక్తికి బిల్లు లేదు. అన్నము వండి అమ్మువాడు చేయునది కాయకము. అందు తగిలిన ఖర్చు రాబట్టుకొనుట పాపము కాదు.

ధరలోనే కలిపివేసిన గొడవ లేదందురు మరికొందరు. అదియు నిర్దోషమని చెప్పజాలము. అట్లు కలిపినచో నగదు చెల్లించు హమాలీ సైతము కార్డుదారుని సౌకర్యమునకు, అతనికి బ్యాంకు ఇచ్చు బహుమతి పాయింట్లకు తన వంతు చెల్లించుచున్నాడు. ఆ సంగతి అతడెరుగడు. ఆస్ట్రేలియాలో 2003 నుండి వ్యాపారులు రుసుమును విడిగా వసూలు చేయుటకు అనుమతి లభించుటకు ఒక కారణమిదియే: ఎవరి సౌకర్యపు ఖర్చు వారు మోయవలెనని. బ్రిటన్ 2018 జనవరి 13 నుండి అట్టి వసూలును నిషేధించినది. చూపిన ధర ఒకటి, చివరకు అడుగు ధర వేరొకటి కారాదని. రెండు పక్షములందును న్యాయమున్నది.

అసలు దోషము రుసుము అడుగుటలో లేదు, అడుగు సమయములో నున్నది. మెండోర రైతు దీనిని వేరొకరు చెప్పకయే గ్రహించును. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టి, బండి బాడుగ పెట్టుకొని నిజామాబాదు యార్డుకు చేర్చును. ధర పలికి, కాంటా పడిన తరువాత తరుగని ఒకటి, మరేదో అని ఇంకొకటి కోసినచో అతడేమి చేయగలడు? కుప్పను తిరిగి బస్తాలకెత్తి ఇంటికి పోలేడు. ఆ నిస్సహాయతయే కోతకు బలము. తిన్న అన్నమును అతిథియు తిరిగి ఇవ్వలేడు. రాత్రి పండుకొని లేచిన గదిని వలదనలేడు. ప్రక్కన బంధువులు నిలిచియుండగా పెండ్లికూతురు తండ్రి 2,360 రూపాయలకు వాదులాడలేడు. యార్డులో అన్యాయమని మండిపడిన చేతులే తన హాలు గల్లా వద్ద ఆ పనియే చేసిన నేమనవలెను? హోటళ్ళు సేవా రుసుమును తమంత తామే బిల్లులో చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో నిర్దేశించగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించినది. అచ్చటను కొంత భాగము ఇదే బాధ.

మరియొక చిన్న అలవాటు గలదు. 2.36 శాతము పోవుచోట 3 శాతమని గుండుగా వ్రాయుట. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి బియ్యము ఏరి తెచ్చినపుడు లక్కమ్మ దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపిన కథ మన ఇండ్లలో పిల్లలకు సైతము తెలియును. లక్ష రూపాయల బిల్లుపై ఆ మిగులు 640 రూపాయలు. బ్యాంకు పేరు చెప్పి మన గల్లాలో పడునవి అవి.

టిఫిన్ హోటలువారికి ఈ చిక్కు అంతగా లేదు. ఇడ్లీకి ఎవ్వరును క్రెడిట్ కార్డు తీయరు. లాడ్జీ, హాలు నడుపువారు కార్డు రుసుమును విడిగా కోరదలచినచో, అందుకు తమ బ్యాంకు ఒప్పందము అడ్డురాదని ముందు చూచుకొని, బయానా తీసుకొను నాడే రసీదుపై తెలుగులో వ్రాసి, చదివి వినిపింపవలెను. క్రెడిట్ కార్డుపై ఇంత, డెబిట్ కార్డుపై, యూ.పి.ఐ.పై ఏమియు లేదు అని. యూ.పి.ఐ.కి రోజువారీ హద్దున్నది గనుక, పెద్ద మొత్తమును రెండు మూడు దినములలో చెల్లించు వెసులుబాటు కూడ ఆనాడే చెప్పవచ్చును. అప్పటికింకను పొయ్యి వెలిగింపలేదు. పెండ్లివారు కావలెనన్న వేరొక హాలు చూచుకొనగలరు.