అనుమానంతో పని చేసే శాస్త్రం

భూశాస్త్రజ్ఞులు చెప్పే సంగతుల్లో చాలా వాటికి కంటితో చూసిన సాక్షి లేడు. ఈ కొండ ఒకప్పుడు సముద్రపు అడుగు అంటారు. ఈ నల్లరాయి లావాగా పారి వచ్చిందంటారు. ఈ నేల కింద ఇరవై మీటర్ల లోతున నీరుంది అంటారు. చూడనిదాన్ని తెలుసుకున్నామని అనడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు అన్నది తత్త్వశాస్త్రపు ప్రశ్న. ఆ వృత్తికి కావలసిన నైపుణ్యాలన్నీ దానికి జవాబు చెప్పుకోవడంలోనే పుట్టాయి.

న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను అంగీకరించింది. అవి ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. వీటిలో అనుమానం అంటే కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని నిశ్చయించడం. వాడుక తెలుగులో ఈ మాటకు సందేహం అనే అర్థం స్థిరపడింది. జియాలజిస్టుకు ఈ రెండు అర్థాలూ కావాలి. గుర్తును పట్టుకుని ముందుకు వెళ్లడమూ తెలియాలి, తాను పట్టుకున్న గుర్తునే శంకించడమూ తెలియాలి. రెండోది రానివారికి మొదటిది ఎంత వచ్చినా ప్రమాదమే.

పని మాత్రం ప్రత్యక్షంతో మొదలవుతుంది. సుత్తితో రాయిని కొట్టి తాజా ముఖాన్ని బయటికి తీస్తారు. ఎండకూ వానకూ పండిపోయిన పైపొర అసలు రంగును దాచేస్తుంది కాబట్టి అది తప్పదు. పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దాన్ని కంటికి ఆనించి, రాయిని దాని దగ్గరికి తెస్తారు. రేణువుల పరిమాణం, ఆకారం, అవి ఒకదానితో ఒకటి ఎలా అతుక్కున్నాయో చూస్తారు. దిక్సూచితో పొర ఏ దిశగా సాగుతోందో, ఎన్ని డిగ్రీలు వాలి ఉందో కొలిచి, అక్కడికక్కడే నోట్‌బుక్కులో రాస్తారు. గుడారానికి చేరాక రాద్దామనుకుంటే చూసినదీ ఊహించినదీ కలిసిపోతాయి. ఎండలో మైళ్లు నడవగలగడం, ఒకే వాగును మూడుసార్లు తిరిగి చూసే ఓపిక, గీత గీయగల చేయి ఈ దశలో పనికొచ్చే సామర్థ్యాలు. మైక్రోస్కోపు, రసాయన విశ్లేషణ, గణితం, కంప్యూటర్ మ్యాపింగ్ తర్వాత వస్తాయి. వాటి ఫలితం కూడా మొదట ఏరిన రాయిని మించి మేలుగా ఉండదు.

భౌమ పటంలో ఒక సంప్రదాయం ఉంది. రెండు రకాల రాళ్లు కలిసే హద్దును కళ్లారా చూసిన చోట నిండు గీత గీస్తారు. ఆధారాలను బట్టి అక్కడ ఉండాలని నిర్ణయించిన చోట తెగిన గీత, మట్టి కప్పేసిన చోట చుక్కల గీత వేస్తారు. ఏది ప్రత్యక్షమో ఏది అనుమానమో ఇంత నిజాయతీగా కాగితం మీదే వేరు చేసి చూపే విద్యలు ఎక్కువ లేవు. పటాన్ని అందంగా చేయాలని తెగిన గీతను నిండు గీతగా మార్చినవాడు అబద్ధం ఆడినట్టే.

తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లే ఘాట్ రోడ్డులో అలాంటి హద్దు ఒకటి కంటికి కనిపిస్తుంది. కింద గ్రానైటు జాతి పాత రాయి. దాని మీద పొరలు పొరలుగా పేర్చినట్టున్న క్వార్ట్‌జైట్. ఆ రెండూ కలిసే గీత మీద చెయ్యి పెడితే వేళ్లకు ఆనేది వేలెడు వెడల్పు కూడా లేని అంచు. కింది రాయి ఏర్పడి, పైకి లేచి, అరిగి చదునైన తర్వాత గానీ ఇప్పుడు క్వార్ట్‌జైట్‌గా మారిన ఇసుక దాని మీద పరుచుకోలేదు. ఈ రెంటి మధ్య తప్పిపోయిన కాలం కనీసం 50 కోట్ల సంవత్సరాలు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భౌమ స్మారకాల్లో చేర్చింది. ఇక్కడ ప్రత్యక్షం గీతను మాత్రమే చూపుతుంది. 50 కోట్ల సంవత్సరాలను చూపేది అనుమానం.

అనుమానానికి వాత్స్యాయనుడు తన న్యాయభాష్యంలో ఇచ్చిన ఉదాహరణ ఏ భూశాస్త్ర పాఠంలోనైనా ఇమిడిపోతుంది. నది నిండుగా, వేగంగా పారుతుంటే ఎగువన వాన కురిసిందని తెలుసుకుంటాం. కార్యం నుంచి కారణానికి వెళ్లే ఈ పద్ధతిని శేషవత్ అన్నారు. పూర్వపక్షం వెంటనే అడ్డుపడుతుంది: దిగువన ఎక్కడో కట్ట అడ్డుపడినా నది నిండుతుంది కదా, అలాంటప్పుడు అనుమానం ప్రమాణమెలా అవుతుంది? సిద్ధాంతి జవాబు చాలా సూక్ష్మమైనది. వాన వరదలో నీరు నిండడమొక్కటే ఉండదు. ఒరవడి పెరుగుతుంది, నురుగు వస్తుంది, పండ్లూ ఆకులూ కట్టెలూ కొట్టుకొస్తాయి. తప్పు చేసింది అనుమానం కాదు, గుర్తును సగమే చూసిన మనిషి అని దాని సారం.

గోదావరి ఒడ్డునే ఈ వాదం మళ్లీ నడిచింది. రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ, నదికి ఆవల పంగిడి పరిసరాల కంకర క్వారీల్లోనూ నల్లని బసాల్టు రాయి ఉంది. లావా పొరల నడుమ గవ్వలున్న సున్నపురాయి పొర కనిపిస్తుంది. అంటే ఒక ప్రవాహం చల్లారాక కొంతకాలం అక్కడ నీరు నిలిచి జీవులు బతికాయి, ఆ తర్వాత మరో ప్రవాహం వచ్చింది. ఇదంతా సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందటి మాట. ఈ లావా ఎక్కడిది? ఇక్కడే భూమి పగుళ్లలోంచి పైకి వచ్చిందని ఒక వాదం. పడమటి కనుమల వైపు పుట్టి, నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని మరో వాదం. మధ్యలో వందల కిలోమీటర్ల మేర ఆ లావా జాడే లేదు కాబట్టి రెండోది వినగానే నమ్మశక్యంగా ఉండదు. అయితే రాజమహేంద్రవరం రాయిలోని మూలకాల పాళ్లు పడమటి కనుమల్లోని మహాబలేశ్వర్ ప్రాంతపు లావా పొరలతో సరిపోయాయి. రాయి గడ్డకట్టేటప్పుడు దానిలో నిలిచిపోయిన అయస్కాంత దిశ కూడా ఆ వరుసకే కుదిరింది. వరద నీటిలో కొట్టుకొచ్చిన ఆకులూ కట్టెలూ ఇవే. ఒక్క నలుపు రంగును చూసి రెండు రాళ్లనూ ఒకటనేసి ఉంటే అది నిండిన నదిని మాత్రమే చూసినట్టయ్యేది.

గుర్తు దారి తప్పినప్పుడు నష్టం ఎవరిదో బోరుబావి దగ్గర తేటతెల్లమవుతుంది. రాయలసీమ గట్టిరాతి నేలల్లో రైతు పొలంలో పాయింటు పెట్టడానికి జియాలజిస్టు ఇనుప ఎలక్ట్రోడులను నేలలోకి దిగ్గొట్టి, కరెంటు పంపి, భూమి దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలుస్తాడు. ఎలక్ట్రోడుల ఎడం పెంచేకొద్దీ కొలత లోతుకు పోతుంది. చితికిన రాయి నీటితో నిండి ఉంటే నిరోధకత తగ్గుతుంది. కానీ తడిసిన బంకమట్టికీ తగ్గుతుంది, ఉప్పునీటికీ తగ్గుతుంది. తార్కికులు ఇలాంటి హేతువును సవ్యభిచారం అంటారు. సాధ్యం, అంటే నిరూపించదలచిన విషయం, ఉన్న చోటా లేని చోటా కూడా కనిపించే గుర్తు అది. కాబట్టి కొలతతో పాటు చుట్టుపక్కల బావుల సంగతి, రాతి పగుళ్ల దిశ, వాగు మలుపు, ఉపగ్రహ చిత్రంలో కనిపించే గీతలు అన్నీ కలిపి చూడాలి. అరచేతిలో టెంకాయ నిలబడిందని పాయింటు పెట్టేవారికీ జియాలజిస్టుకూ తేడా యంత్రం కాదు. ఏ పరిస్థితిలో తన మాట తప్పవుతుందో ముందే చెప్పగలగడం ఆ తేడా. నీళ్లు పడకపోతే అప్పు మిగిలేది రైతుకు.

ఉపమానం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నేటి గోదావరి డెల్టాలో ఇసుక పేరుకునే తీరును చూసినవారు కోట్ల ఏళ్ల నాటి ఇసుకరాయిని సులువుగా చదువుతారు. శబ్దం మాత్రం బరువైనది. చదువుకునే రోజుల్లో విద్యార్థికి దొరికే జ్ఞానమంతా పాత నివేదికలు, పటాలు, గురువుల మాటే. ఎమ్మెస్సీ పూర్తి చేసి యూపీఎస్‌సీ నిర్వహించే జియో సైంటిస్టు పరీక్షలో నెగ్గి సర్వేలోనో భూగర్భజల విభాగంలోనో చేరిన నాటి నుంచి వారి మాటే ఇతరులకు శబ్ద ప్రమాణమవుతుంది. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలనే కోరిక గలవాడని న్యాయభాష్యం. అలాంటి మాట ఒకసారి కోర్టుకెక్కింది. ఇటలీలోని లాక్విలాలో 2009 ఏప్రిల్ 6న భూకంపం వచ్చి 300 మందికి పైగా చనిపోయారు. ప్రజలకు లేనిపోని ధైర్యం చెప్పారన్న అభియోగంపై 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకూ ఒక అధికారికీ కింది కోర్టు శిక్ష వేసింది. 2014లో పైకోర్టు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా వదిలింది. భూకంపాన్ని ముందుగా చెప్పలేకపోవడం నేరమని అక్కడ ఎవరూ వాదించలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పారా లేదా అన్నదే వ్యాజ్యం. స్పష్టంగా రాయడం, సందేహాన్ని సందేహంగానే చెప్పడం ఈ వృత్తిలో అదనపు అలంకారాలు కావు.

ఇంత దీర్ఘకాలాన్ని లెక్కించే విద్యకూ దైవభక్తికీ పొసగదన్న మాట చాలాసార్లు వినిపిస్తుంది. చరిత్ర అలా చెప్పడం లేదు. కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న సూత్రాన్ని 1669లో ప్రకటించిన నికొలాస్ స్టెనో డెన్మార్కు వైద్యుడు. 1666లో ఫ్లోరెన్సులో ఒక సొరచేప తలను కోసి చూసి, కొండల్లో దొరికే నాలుక ఆకారపు రాళ్లు పూర్వపు సొరచేపల పళ్లేనని గ్రహించాడు. మరుసటి ఏడాది కేథలిక్ మతం స్వీకరించి, 1677లో బిషప్ అయ్యాడు. 1988లో చర్చి అతనికి ధన్యుడి హోదా ఇచ్చింది.

తెలుగు ఇళ్ల పూజామందిరాల్లో ఉండే సాలగ్రామం ఇంకా దగ్గరి ఉదాహరణ. నేపాల్‌లోని కాలీ గండకి నది నుంచి వచ్చే ఆ నల్లరాతి కడుపులో కనిపించే చక్రం అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల ముద్ర. హిమాలయాలు లేవక ముందు అక్కడున్న టెథిస్ సముద్రంలో అది ఈదింది. ఆ జాతి 6.6 కోట్ల సంవత్సరాల కిందట అంతరించింది. రాయి ఎలా ఏర్పడిందన్నది అనుమానానికి లొంగే ప్రశ్న. అభిషేకం చేసే చేతికి అది ఎవరన్నది వేరే ప్రశ్న. మొదటి జవాబు రెండో ప్రశ్నను కొట్టేయదు, రెండో జవాబు మొదటిదాన్ని నిరూపించనూ లేదు.

ఈ హద్దును చెరిపేసే తొందర రెండువైపులా ఉంది. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు, భూమి వయసు 454 కోట్లు, కాబట్టి పూర్వులకు ఇదంతా తెలుసు అని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. ఆ సంప్రదాయపు లెక్క ప్రకారమే ఇప్పుడు నడుస్తున్న బ్రహ్మ పగలైన శ్వేతవరాహ కల్పంలో గడిచింది సుమారు 197 కోట్లు. పోల్చినవారు దాన్ని పక్కన పెట్టేస్తారు. క్లెయిర్ ప్యాటర్సన్ 1956లో ఉల్కల్లోని సీసపు ఐసోటోపులను కొలిచి 455 కోట్ల దగ్గరికి చేరాడు. ఆ అంకెకు హేతువు ఉంది. రెండు అంకెలు దగ్గరగా ఉండటం హేతువు కాదు. యుగాలను అంత విశాలంగా ఊహించిన మనసు గొప్పదే. దాని గొప్పతనానికి ప్రయోగశాల ముద్ర అవసరం లేదు.

అన్నిటికంటే కఠినమైన ఆక్షేపణ ప్రత్యక్షాన్ని మాత్రమే ఒప్పుకునే చార్వాకుడిది. పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉంటుందన్న వ్యాప్తిని ఎవరు చూశారు, అన్ని కొండలూ ఎక్కారా అంటాడు. నైయాయికుడైన ఉదయనుడు దీనికి జవాబిస్తూ, సందేహానికీ ఒక హద్దుంటుందని, తన నడవడికే విరుద్ధమయ్యేంత వరకే ఎవరైనా శంకించగలరని అన్నాడు. అది సమంజసమైన జవాబే. అయినా చార్వాకుడి మాటను భూశాస్త్రం పూర్తిగా కొట్టిపారేయలేదు. దక్కను పీఠభూమి కదలని పాత నేల అన్న వ్యాప్తిని దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు నమ్మాయి. మహారాష్ట్రలోని కిల్లారి అప్పటి భూకంప పటంలో అతి తక్కువ ప్రమాదం గల ఒకటో మండలంలో ఉంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 తీవ్రతతో అక్కడ భూమి కంపించింది. రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన ఇళ్ల కింద సుమారు పదివేల మంది చనిపోయారు. 2002లో సవరించిన జాతీయ పటంలో కిల్లారి ప్రాంతాన్ని మూడో మండలంలోకి మార్చారు. ఒకటో మండలం అన్నదాన్నే దేశమంతటా తీసేశారు.