గరిటె ఎవరి చేతిది?

1988లో ఇసావో తకహతా తీసిన జపాను యానిమేషన్ చిత్రం ‘మిణుగురుల సమాధి’ మీద ఒక ప్రేక్షకుని విమర్శ చదివాను. పద్నాలుగేళ్ల సెయిటా పొగరుబోతు, పనిదొంగ. అత్తకు క్షమాపణ చెప్పుకొని ఉంటే నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకో బతికేది. కనుక మన కన్నీరు దండుగ. ఇదీ ఆయన తీర్పు.

పొగరు ఉన్నమాట నిజమే. 1967లో మూలకథ రాసిన నొసాకా అకియుకి, 1945లో తన పెంపుడు చెల్లెలిని ఆకలికే పోగొట్టుకున్నాడు. అన్నను నిందించే పని ఈ విమర్శకుని కంటె ముందే ఆయన చేశాడు, అదీ తన మీదనే.

కాని ఆ ఇంట్లో వడ్డన చూడండి. చనిపోయిన తల్లి కిమోనోలు మార్చి తెచ్చిన బియ్యం అది. దేశం కోసం పనిచేసేవారికి అన్నం, ఈ పిల్లలకు పల్చటి జావ. ఉపయోగపడినవాడికే తిండి అనే ఆ కొలత అత్త కనిపెట్టినది కాదు, యుద్ధం చేసే రాజ్యానిది. ఆమె చేతిలో ఉన్నది గరిటె మాత్రమే. మన విమర్శకుడు, పాపం, తెలియకుండానే ఆ గరిటె అందుకున్నాడు. కోబే మీద కురిసిన నిప్పుబాంబులను పక్కకు నెట్టి, ఒక బాలుని వినయాన్ని తూకం వేశాడు.

చైనా, కొరియాలలో జపాను సైన్యం చేసిన ఘోరాలు చిత్రంలో లేవని ఆయన అని ఉంటే తలవంచేవాణ్ణి. నౌకాధికారి అయిన తండ్రిని తలచి సెయిటా గర్వించే చోట ఆ సామ్రాజ్యమదం నీడ తగులుతుంది గాని, అది చాలదు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు.