50 బంగారు గుండీలు

ఆకాశమండలాన్ని ఒక్క పలుకుతో పరచినవాడా, ఒక గుడారం గురించి ఎంతసేపు మాట్లాడావు! సృష్టి కథకు రెండధ్యాయాలు చాలాయి. నీ జనుల నడుమ నీవు దిగిన డేరాకు మాత్రం నిర్గమకాండంలో 13 అధ్యాయాలు పట్టాయి. పలకలు, దిమ్మలు, కొలుకులు, గుండీలు, మూరల లెక్కలు! తొందరపడే కన్ను దాటేసే ఆ పుటల్లో నిదానంగా నడిస్తే ప్రతి కొలతా ఒక కీర్తన, ప్రతి ముడీ ఒక స్తోత్రం.

ముందు నీవు పేరు పెట్టి పిలిచావు. యూదా గోత్రపు బెసలేలును పిలిచి నీ ఆత్మతో నింపావు. రత్నం సానపట్టే వేళ్లలోకి, కర్ర చెక్కే మణికట్టులోకి, బంగారపు పాకం తెలిసిన కంటిచూపులోకి నీ ఆత్మ దిగివచ్చింది. సుత్తిదెబ్బ సైతం ఆరాధన అయిన దినమది! అతనికి తోడుగా దాను గోత్రపు అహోలీయాబును నియమించావు. పాళెం కదిలిన వేళ యూదా ధ్వజం అందరికంటే ముందు సాగేది. దాను ధ్వజం అందరి వెనకాల, దండు రేపిన దుమ్మంతా మింగుతూ వచ్చేది. ముందువాడినీ కడపటివాడినీ ఒకే పనికి జతకట్టిన నీ పిలుపు ఎంత లోతైనది, ఎంత మధురమైనది!

ఆ పిలుపు ఇద్దరితో ఆగలేదు. ఐగుప్తు దాస్యం నిన్నమొన్ననే వదిలిన జనం నీ ఇంటికోసం నడుం కట్టింది. నీలం, ధూమ్రం, రక్తవర్ణం స్త్రీల వేళ్ల సందుల్లోంచి జాలువారాయి. మేకవెండ్రుకలు సైతం దారాలయ్యాయి. గుడారపు ద్వారం దగ్గర సేవచేసే స్త్రీలు తమ అద్దాలు తెచ్చి ఇచ్చేశారు. నిన్నటిదాకా వాళ్ల ముఖాలు చూపిన ఇత్తడి, యాజకులు కాళ్లూ చేతులూ కడుక్కునే గంగాళమైంది. ప్రతి ఉదయమూ కానుకలే, కానుకలే! చివరికి ఇక తేవద్దని మోషే పాళెమంతటా చాటించాల్సి వచ్చింది. ఎడారిలో పొంగిన ఔదార్యమా, ఇసుకనేల మీద కురిసిన కృపావర్షమా!

ఇప్పుడు దగ్గరగా చూడనివ్వు, ప్రభూ. 10 తెరలు. ఒక్కొక్కటి 28 మూరల పొడవు, 4 మూరల వెడల్పు. వాటి నిండా రెక్కలు విప్పిన కెరూబులు. అయిదు తెరలది ఒక కూర్పు, అయిదింటిది మరో కూర్పు. ఈ కూర్పు అంచున 50 నీలినూలు కొలుకులు, ఆ కూర్పు అంచున 50. కొలుకు ఏపాటిది? దారం చుట్టుకున్న ఓ చిన్న ఖాళీ. దానికెదురుగా అంతే చిన్నదైన మరో ఖాళీ. ఆ రెంటినీ పట్టి కలుపుతూ ఒక బంగారు గుండీ. అలా 50 గుండీలు బిగిసేసరికి మందిరం ఒక్కటైంది. మా వంతు ఆ ఖాళీ, నీ వంతు ఆ బంగారం! మాలో నీకోసం తెరిచి ఉంచిన చోటే నీ కృప ఇముడుతుంది, పక్కవాడితో మమ్మల్ని కలుపుతుంది.

పైన ఇంత శోభ. మరి అడుగున? తుమ్మపలకలూ అడ్డతెర స్తంభాలూ నిలిచింది 100 వెండి దిమ్మల మీద. లెక్కకు వచ్చిన 6,03,550 మంది పురుషులు తలకొక అరతులం చొప్పున ఇచ్చిన వెండి అది. ధనవంతుడు అంతకుమించి ఇవ్వరాదు, బీదవాడు అందులో తగ్గించరాదు. కొలిమిలో కరిగాక ఏ అరతులం ఎవరిదో ఎవరు చెప్పగలరు? మహిమాస్వరూపా, నీ ఇంటి భారమంతా ఆ సమానత్వం మీద మోపావు!

శతాబ్దాలు దాటాక, కొరింథులో అకుల ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టిన పౌలు సంకెళ్లలో ఉండి ఎఫెసువారికి రాశాడు. అందిన పిలుపుకు తగినట్టు నడవమన్నాడు. ఊపిరి తిప్పుకోకుండానే ఐక్యతను ఎత్తుకున్నాడు. కీలుకీలూ అతికి ప్రేమలో పెరిగే ఏకశరీరాన్ని కళ్లకు కట్టాడు. గుడ్డకు గుడ్డ జతచేయడం తెలిసిన చేతికి మనిషికి మనిషిని జతచేసే మర్మం నీవే అప్పగించావు.

మా నేల మీదా నీ గుండీ మెరిసింది. తమిళనాట పుట్టి తెలుగు పల్లెల సేవకు పిలుపందుకున్న దోర్నకల్ బిషప్పు అజరయ్య, 1919లో తరంగంబాడిలో తోటి సేవకులతో కూడి సంఘాల ఐక్యతకు బాట వేశాడు. 1945 జనవరి 1న నీ సన్నిధి చేరాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘంవారు ఒక్క సంఘమయ్యారు. ఒకరు నూలు వడుకుతారు, ఇంకొకరు తెర ఎత్తుతారు, నేసేవాడవు నీవు!

పిలిచేవాడా, కలిపేవాడా! ముందు నడిపించినా స్తోత్రం, వెనక నడిపించినా స్తోత్రం. పక్క సంఘపు గంట మోగితే అది మా గంటేనని మురిసే చెవినియ్యి. నీ బల్ల దగ్గర ఎవరి పక్కన కూర్చోబెడితే వారి చేయి అందుకునే మనసునియ్యి. మా అరతులాలు ఇవిగో, తండ్రీ: కరిగించు, కలిపి పోత పొయ్యి, నీ ఇల్లు వాటి మీద నిలబెట్టు!