పూచీ ఎవరిది?

వస్తువు మనది, డబ్బిచ్చి కొన్నాం. అందులో ఏ భాగం తీసి ఏ భాగం పెట్టాలో శాసించడానికి తయారుచేసినవాడికి హక్కెక్కడిది? ల్యాప్‌టాప్‌లో కంపెనీ జాబితాకెక్కని ప్రాసెసర్‌ను అమర్చేవారు సాధారణంగా అనే మాట ఇది. ఈ మాటలో న్యాయం ఉంది. కాని సగమే ఉంది.

ముందు విషయం చూద్దాం. 2011 నాటి ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ కోర్ ఐ5-2410ఎమ్ ఉందనుకుందాం. దానికి రెండు కోర్లు. అది 35 వాట్ల తరగతికి చెందింది. దాన్ని తీసి అదే సాకెట్లో ఐ7-2630క్యూఎమ్ కూర్చోబెట్టవచ్చు. దీనికి నాలుగు కోర్లు, 45 వాట్లు. అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆ ప్రాసెసర్‌ను గుర్తించే మైక్రోకోడ్ బయోస్‌లో లేకపోతే యంత్రం మేలుకోకపోవచ్చు. మేలుకున్నా, 35 వాట్లకని అమర్చిన ఫ్యానూ రాగి గొట్టమూ అదనపు వేడిని మోయవలసి వస్తుంది.

కాబట్టి కంపెనీ 'కాదు' అన్నప్పుడు దానికి రెండర్థాలుండవచ్చు. ఒకటి, అది నిజంగా సరిపోదు. రెండు, మేము పరీక్షించలేదు గనుక పూచీ పడము. మొదటిది ప్రకృతి ధర్మం, రెండోది వ్యాపార నిర్ణయం. రెండోదాన్ని కాదనడం తప్పని మేము అనుకోము. మొదటిదాన్ని కాదంటే వేడి ఊరుకోదు. ఈ తేడా తెలుసుకునే అవకాశం కూడా ఇప్పుడు తగ్గిపోయింది. 2015 నుంచి వచ్చిన తరాలలో దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లకూ ప్రాసెసర్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు.

పాత వస్తువును పారేయకపోవడం యాంగాన్‌లో ఉన్న మనకు కొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధం విడిచిపోయిన షెవ్రోలే లారీలు దశాబ్దాలపాటు బస్సులై తిరిగిన ఊరిది. దిగుమతులకు కట్టుబాట్లున్న కాలంలో ఆ బస్సులను నడిపించినవారి నేర్పును తక్కువ చేయలేము. కాని ఆ బస్సెక్కేవాడికి బస్సు సంగతి కళ్ళెదుటే కనబడేది. ల్యాప్‌టాప్ మూత కింద ఏముందో, దాన్ని అందుకున్న పిల్లవాడికి కనబడదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని కాస్త బాగుచేసి బంధువుల పిల్లలకు ఇవ్వడం మన కుటుంబాల్లో మామూలే. ప్రాసెసర్ మార్చిన ముచ్చట మనది, దానితో పరీక్షకు చదువుకోవడం వాళ్ళది. 2021 తరువాత ఈ ఊళ్ళో కరెంటు కోతలు బాగా పెరిగాయి. కరెంటు లేనప్పుడు విద్యార్థికి కావలసింది వేగం కంటే బ్యాటరీ నిలవడం. బరువైన పని పెట్టినప్పుడు కొత్త ప్రాసెసర్ ఆ బ్యాటరీనే త్వరగా తినేస్తుంది. వేడెక్కి యంత్రం ఆగిపోతే, రాసుకున్నది పోయేది ఆ పిల్లకే గాని మనకు కాదు.

కంపెనీ పూచీని తొలగించినంత మాత్రాన అది గాలిలో కలిసిపోదు. స్క్రూడ్రైవర్ పట్టిన చేతి మీదికి వస్తుంది. సొంత యంత్రమైతే లాభమూ నష్టమూ రెండూ మనవే, అడిగేవారు లేరు. ఇతరులకు ఇచ్చేదైతే కంపెనీ చేయవలసిన పరీక్ష మనం చేయాలి. కొన్ని గంటలు బరువైన పని పెట్టి వేడి చూడాలి, బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో లెక్కపెట్టాలి. తీసిన పాత ప్రాసెసర్‌ను పొట్లం కట్టి యంత్రంతోపాటే ఇవ్వాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందనీ, ఈ ఐ7ను విండోస్ 11 అధికారికంగా అంగీకరించదనీ దాచకుండా చెప్పాలి. అమ్మేటప్పుడైతే ఇది మరీ ముఖ్యం.

ఏం మార్చామో చెబితే పుచ్చుకునేవారు వద్దంటారేమోనని కొందరు సంకోచిస్తారు. వద్దనే హక్కు వారికుంది. వారి ఎదుట చెప్పడానికి నోరు రాని మార్పును, వారికిచ్చే వస్తువులో చేయకపోవడమే మేలు.