గాయపడ్డ హంస ఎవరిది? మన చెరువు మీది కొంగ ఎవరిది?



పోయిన వేసవిలో మా పేటలో ఒక పిల్లవాడు రెండు తెల్లకొంగల్ని కాళ్లు కట్టి, కర్రకు వేలాడేసుకుని బుద్ధవిహారం ముందు నుంచే పోతున్నాడు. ఒకటి ఇంకా రెక్కలు కొట్టుకుంటోంది. "ఎందుకురా పట్టావు?" అన్నాను. "ఊరికేనన్నా, ఉచ్చుకు పడ్డాయి" అన్నాడు. ఆ 'ఊరికే' నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. వాడి వయసులో నేనూ ఉచ్చులు పెట్టినవాణ్ణే.

ప్రాణం తీయను అని మనం మొదటి శీలం తీసుకుంటాం. "అయితే మాంసం మానెయ్యాలా?" అని మనవాళ్లు అడుగుతారు. అడగాల్సిందే. అహింస పేరుతో మన కంచాల్లోకి తొంగిచూసి, మనల్ని ఊరి బయట ఉంచిన దేశమిది. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో దీనికి జవాబిచ్చారు. అహింస ఒక సూత్రమే గాని గుడ్డి నియమం కాదు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు. కాబట్టి ఈ మాట మీ కంచం గురించి కాదు. ఆ 'ఊరికే' గురించి.

సిద్ధార్థుడి బాల్యం గుర్తు తెచ్చుకోండి. దేవదత్తుడి బాణం తగిలి పక్షి పడింది. సిద్ధార్థుడు బాణం తీసి, కట్టు కట్టి, ఒడిలో పెట్టుకున్నాడు. నాదంటే నాదన్నారు. తగువు తీర్పుదాకా వెళ్లింది. కొట్టినవాడిది కాదు, కాపాడినవాడిదే అని తేలింది. దయ ఒక్కటే చాలలేదు, న్యాయం కూడా కావాల్సి వచ్చింది. నేటి పక్షుల రక్షిత కేంద్రాలూ, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టమూ ఆ తీర్పుకు కొనసాగింపే.

అశోకుడు దాన్ని రాజ్యం పనిగా చేశాడు. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఈనాటికీ ఉన్నాయి. తన వంటశాలలో రోజూ లెక్కలేనన్ని ప్రాణులు చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేననీ, ముందు ముందు అవి కూడా ఉండవనీ రాయించాడు. చూశారా, చక్రవర్తి ముందు తన వంటింటి లెక్కే చెప్పాడు! పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన స్తంభ శాసనంలో చంపకూడని వాటి జాబితా ఇచ్చాడు. అందులో చిలుక, గోరింక, హంస ఉన్నాయి.

ఇక మన చెరువు సంగతి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టారు. పశువులూ పక్షులూ తాగే నీటిని మనం ముట్టకూడదన్నారు. అప్పుడు మనం పక్షుల్ని తరమమని అడగలేదు. మమ్మల్నీ రానివ్వండి అన్నాం. నీటి హక్కు కోసం పోరాడిన మనం, ఇంకో ప్రాణిని నీటి నుంచి తరమగలమా?

తిరుపతి జిల్లా దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. నీళ్లలో నిలబడిన కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, పులికాట్ సరస్సుకు పోయి చేపలు తెచ్చి పిల్లల్ని సాకుతాయి. 1976లో ప్రభుత్వం రక్షిత కేంద్రంగా ప్రకటించింది, కానీ అంతకు ముందు నుంచే ఊరివాళ్లు వాటిని కాపాడారు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలాలకు బలం అని వాళ్లకు తెలుసు. పక్షి బతికింది, పొలమూ పండింది.

కొల్లేరులో కథ ఇంత తేలిక కాదు. 1999లో అది అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. సరస్సును కబ్జా చేసి సంపాదించినవాళ్లు తట్టుకున్నారు. ఆ గట్ల మీద కూలి చేసుకున్న బీదవాళ్లు, మనవాళ్లతో సహా, తట్టుకోలేకపోయారు. పక్షిని కాపాడే ఖర్చంతా బీదవాడి మీద వేస్తే అది కరుణ కాదు. బీదవాడి పేరు చెప్పి సరస్సును మింగితే అదీ న్యాయం కాదు. మధ్యేమార్గం అంటే ఈ రెండూ కళ్ల ముందు పెట్టుకుని అడగడం: కొంగకు నీళ్లు, కూలికి పని.

మరి మనమేం చేద్దాం? ఉచ్చులు, విషపు గింజలు మన పేటలో కనపడకూడదు. అడవి పక్షుల్ని కొనొద్దు, కొనేవాళ్లే లేకపోతే పట్టేవాళ్లూ ఉండరు. పంజరంలో చిలుకను పెట్టొద్దు. చిలక జోస్యానికి చెయ్యి చాపొద్దు, రెక్కలు కత్తిరించిన పక్షి మన భవిష్యత్తు ఏం చెబుతుంది? చెరువు ఆక్రమణ గురించి గ్రామసభలో నోరు విప్పండి. వైశాఖ పూర్ణిమకు దీపంతో పాటు విహారం గోడ మీద ఒక మూకుడు నీళ్లూ పెట్టండి.

ఆ రోజు ఆ పిల్లవాడూ నేనూ కలిసి తాళ్లు విప్పాం. ఒకటి అప్పటికే చచ్చిపోయింది. రెండోది కాసేపు కుంటి, ఎగిరింది. వాడు అది కనపడేంతవరకూ చూస్తూనే ఉన్నాడు. వాడి చేత మొదటి శీలం నేను చెప్పించలేదు. వాడి చేతులే చెప్పాయి.

మీ పేటలోనూ అలాంటి పిల్లవాడు ఉంటాడు. వాణ్ణి తిట్టకండి. పక్కన కూర్చుని తాడు విప్పండి.

జైభీమ్. నమో బుద్ధాయ.