పొగగొట్టం ఎవరు శుభ్రం చేస్తారు?



మొన్న మా విచారణలో ఒక కుటుంబంవారు కొత్త ఇల్లు కట్టుకుని, ఆశీర్వదించడానికి నన్ను పిలిచారు. తీర్థజలం చల్లుతూ గది గదీ తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి ఆ ఇల్లాలు పొయ్యి పైన అమర్చిన చిమ్నీని చూపించి, "ఫాదర్ గారూ, దీనిమీద కూడా రెండు చుక్కలు చల్లండి, వంటింట్లో దీనికే ఎక్కువ ఖర్చయింది" అన్నది. అందరం నవ్వుకున్నాం. "దీనికి జిడ్డు పట్టదా అమ్మా? ఎవరు శుభ్రం చేస్తారు?" అని అడిగాను. "కంపెనీ అబ్బాయి వస్తాడండి. అదంతా వాడే చూసుకుంటాడు" అన్నది.

ఆమె అన్న దాంట్లో తప్పేమీ లేదు. స్టూలు ఎక్కి జాలీ విప్పి కడిగే పని అది. కానీ "వాడే చూసుకుంటాడు" అన్న మాట మాత్రం నా వెంట మా గురుగృహం దాకా వచ్చింది. ఎందుకంటే ఆ మాటను చాలాకాలం క్రితం మరో దేశంలో మరో రకం చిమ్నీల గురించి లక్షలాది ఇళ్ళవాళ్ళు అనుకున్నారు. ఆ కథను ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది.

మా చిన్నతనంలో మన పెంకుటిళ్ళకు పొగగొట్టాలు ఉండేవి కావు. పొగ పెంకుల సందుల్లోంచి పోయినంత పోయేది, మిగిలింది మా అమ్మ కళ్ళలోకి పోయేది. చలిదేశాల సంగతి వేరు. ఇంగ్లండులో కలిగిన ఇంట్లో గదికొక చలిపొయ్యి, ఒక్కో పొయ్యికి గోడలోపలి నుంచి కప్పు దాకా ఒక పొగగొట్టం. 1666లో లండన్ నగరం చాలా భాగం తగలబడిపోయిన తరువాత ఇళ్ళను ఇటుకతో కట్టారు. కట్టెలకు బదులు రాక్షసిబొగ్గు వాడకం పెరిగింది. బొగ్గు పొగను బాగా లాగాలంటే గొట్టం సన్నగా ఉండాలి. 14 అంగుళాలకు 9 అంగుళాలు మామూలు కొలత. కొన్ని 9 అంగుళాలకు 9 అంగుళాలే. మీ చేతిలో ఉన్న ఈ పత్రిక పుట అంతకన్నా పెద్దది. పైగా ఆ గొట్టాలు తిన్నగా ఉండవు. గదులను తప్పించుకుంటూ గోడల్లో వంపులు తిరిగి, కొన్నిచోట్ల అడ్డంగా పడుకుని, మరో గొట్టంతో కలిసి పైకి పోయేవి.

బొగ్గు మసి ఆ గోడలకు పేరుకుంటుంది. పేరుకున్న మసికి నిప్పంటుకుంటే ఇల్లే పోవచ్చు. గొట్టం పూడిపోతే పొగ గదిలోకి తిరగబడుతుంది. అందులో వాసన లేని విషవాయువు ఒకటుంటుంది, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందుకే నేటికీ కట్టెలు, బొగ్గు కాల్చే ఇళ్ళవాళ్ళు కనీసం ఏడాదికొకసారి పొగగొట్టం దులిపించుకోవాలని, పగుళ్ళు చూపించుకోవాలని, పక్షిగూళ్ళు తీయించుకోవాలని చెబుతారు. కాబట్టి పొగగొట్టం శుభ్రం చేయించడం ఇంటి యజమాని ధర్మమే. తన భార్యాబిడ్డల ప్రాణాలను కాపాడుకోవడమే అది. చిక్కు వచ్చింది ఎక్కడంటే, ఆ సన్నని వంకర గొట్టంలోకి ఎవరు వెళ్ళాలి అన్న దగ్గర.

పిల్లలు వెళ్ళారు. ఆరేళ్ళవాళ్ళు, ఒక్కోసారి నాలుగైదేళ్ళవాళ్ళు కూడా. కొందరిని కన్నవాళ్ళే చిమ్నీ మేస్త్రీలకు అమ్ముకున్నారు. అనాథలను పోషించే భారం దించుకోవడానికి కొందరిని అక్కడి విచారణల అధికారులే అప్పగించారు. ఆ విచారణలు మనవి కావు, అయినా ఆ మాట రాస్తుంటే సిగ్గుగానే ఉన్నది. పిల్లవాడు ముఖానికి గుడ్డ కప్పుకుని, తలపైకి చీపురు ఎత్తిపట్టుకుని, వీపు ఒక గోడకు, మోకాళ్ళు ఎదుటి గోడకు ఆనించి, గొంగళిపురుగులాగా పైకి పాకేవాడు. మోచేతులు, మోకాళ్ళు చెక్కుకుపోయి రక్తం కారేవి. అవి గట్టిపడాలని చిక్కటి ఉప్పునీళ్ళు పూసి, మండే పొయ్యి ముందు నిలబెట్టి రుద్దేవారట. 1863లో పిల్లల పనిపాటలను విచారించిన ఒక కమిషన్ ముందు ఒక మేస్త్రీయే ఈ సంగతి చెప్పాడు. గొట్టంలో జారి మోకాళ్ళు గడ్డానికి బిగుసుకుపోతే వాడు ఇక కదలలేడు. మసి మీద పడితే ఊపిరాడదు. గోడ పగలగొట్టి తీసేసరికి కొందరు బ్రతికి ఉండేవారు, కొందరు ఉండేవారు కాదు.

బ్రతికి పెద్దవారైన వారిలో కొందరికి మర్మస్థానం చర్మానికి పుండు లేచి చనిపోయేవారు. అది మసివల్ల వచ్చే క్యాన్సరని 1775లో లండన్ వైద్యుడు పెర్సివల్ పాట్ రాశాడు. చేసే పనివల్ల క్యాన్సర్ వస్తుందని వైద్యలోకం మొదటిసారి తెలుసుకున్నది ఈ పిల్లల శరీరాల మీదనే.

"ఆ రోజుల్లో వేరే మార్గం లేదేమో" అని మీరు అనవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఉన్నది. 1803లో జార్జి స్మార్ట్ అనే ఆయన ఒక పరికరం తయారుచేశాడు. బోలు కర్రలను ఒకదానికొకటి తగిలిస్తూ, తాడుతో బిగిస్తూ, కొసన బ్రష్షుతో కింది నుంచే గొట్టంలోకి తోసే సాధనం అది. ఎక్కువ పొగగొట్టాలకు అది సరిపోతుంది. మరీ మెలికలున్నచోట గోడకు చిన్న ఇనుప తలుపు ఒకటి పెట్టించుకుంటే అక్కడి నుంచి దులపవచ్చు. అంటే ఇంటి యజమాని చేయవలసిందల్లా తాపీమేస్త్రీని పిలిచి, రంగు వేసిన గోడను ఒకచోట పగలగొట్టించడం.

ఆ ఒక్కటే చేయలేదు. కొత్త పరికరంతో తివాచీల మీద మసి పడుతుందని ఇల్లాళ్ళు, పనివాళ్ళు సణిగారు. పాతకాలపు మేడల్లో గొట్టాలు మరీ వంకర. అవి పెద్ద పెద్ద ప్రభువుల మేడలు. గోడలు పాడుచేసుకోవడం వారికి ఇష్టం లేదు. 1788లో ఎనిమిదేళ్ళలోపు పిల్లలను ఈ పనిలో పెట్టరాదని చట్టం చేశారు, అమలు చేసే నాథుడు లేడు. 1819లో పిల్లలను పూర్తిగా మాన్పించాలన్న బిల్లును ప్రభువుల సభ తిరస్కరించింది. ఇలాంటివి చట్టంతో కాదు, ప్రజల నీతికే వదిలేయాలి అని ఒక ప్రభువు వాదించాడు. ఆ నీతిమంతుల ఇళ్ళలోనే పిల్లలు ఎక్కుతున్నారు మరి! 1834లో మరో చట్టం, 1840లో 21 ఏళ్ళలోపు ఎవరూ పొగగొట్టం ఎక్కరాదని ఇంకొకటి, 1864లో మరొకటి వచ్చాయి. పిల్లలు ఎక్కుతూనే ఉన్నారు. ఇందాక చెప్పిన మేస్త్రీ ఆ కమిషన్‌కు ఇంకో సంగతి కూడా చెప్పాడు. పిల్లలను మానేసి పరికరంతో వెళ్తే ఇళ్ళవాళ్ళు గుమ్మం నుంచే తిప్పి పంపేవారట. అలా ఆయనను వదులుకున్న వారిలో మేజిస్ట్రేట్లు కూడా ఉన్నారు. చట్టాన్ని కాపాడవలసినవారే!

చివరికి 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జి దగ్గర ఫుల్బోర్న్ అనే ఊరి ఆసుపత్రి పొగగొట్టంలో జార్జి బ్రూస్టర్ అనే చిన్న కుర్రవాడు ఇరుక్కుని, బయటికి తీసిన కాసేపటికే చనిపోయాడు. మేస్త్రీకి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి, పోలీసుల లైసెన్సు ఉంటేనే ఈ పని చేయాలన్న చట్టం ఆ ఏడాదే తెచ్చాడు. ఆపైన ఈ దురాచారం ఆగింది. పరికరం వచ్చిన 72 ఏళ్ళకు.

మేస్త్రీని జైలుకు పంపారు. సరే. గోడకు తలుపు పెట్టించుకోని ఇళ్ళవాళ్ళ మాటేమిటి? వాళ్ళు ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ గొట్టంలోకి తోయలేదు. డబ్బిచ్చారు, పక్క గదిలోకి వెళ్ళిపోయారు. వారిది పాపమా?

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వినాసు అజ్ఞానాన్ని గురించి చెప్పిన భాగం మాకు పరీక్షలో తప్పక వచ్చేది. అప్పుడు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను. దాని బరువు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలియక చేసిందంతా ఒకటి కాదంటాడాయన. ఎంత ప్రయత్నించినా తెలుసుకునే వీలు లేనిది ఒకటి. అది మనిషిని నిర్దోషిని చేస్తుంది. తెలుసుకోవలసి ఉండి, తెలుసుకునే వీలుండి, బద్ధకంతో వదిలేసింది రెండోది. దానికి జవాబు చెప్పాలి. మూడోది చిత్రమైనది. తెలిస్తే పని ఆపవలసి వస్తుందని, తెలియకుండా ఉండాలని కోరి తెచ్చుకునే అజ్ఞానం. ఇలా నేరుగా కోరుకున్న అజ్ఞానం తప్పును తగ్గించదు సరికదా పెంచుతుంది అంటాడు.

ఈ కొలతతో ఆ ఇళ్ళను చూడండి. 1700 ప్రాంతంలో లండన్‌లో బ్రతికిన ఒక యజమానికి వేరే సాధనం లేదు. అయినా పిల్లవాడి మోకాళ్ళు చూసే కళ్ళు ఉన్నాయి, అది వేరే సంగతి. 1830లో ఉన్న యజమానికి సాధనం ఉన్నది, పత్రికల్లో పడింది, పార్లమెంటులో చర్చ జరిగింది. అతడు "ఎలా శుభ్రం చేస్తారు?" అని ఒక్కసారి అడిగితే చాలు. ఆ ప్రశ్న అడగకపోవడమే అతడు చేసిన పని. అడిగితే గోడ పగలగొట్టాలి కదా!

"నా ఒక్క ఇంటితో ఏమవుతుంది?" అని అతడు అనవచ్చు. కానీ మేస్త్రీ పిల్లవాణ్ణి పెట్టుకున్నది ఒక్కొక్క ఇల్లూ విడివిడిగా అడిగినందుకే. "ఆ పని కూడా లేకపోతే వాళ్ళు పస్తులుంటారు" అనే దయగల వాదం ఇంకొకటి ఉన్నది. ఈ వాదం అంటే నాకు మొదటి నుంచీ అనుమానం. ఇది ఎప్పుడూ కడుపు నిండినవారి నోటే వినిపిస్తుంది. పరికరాన్ని తోయడానికి కూడా మనిషి కావాలి. ఆ కూలి పెద్దవాడికి ఇచ్చి, పిల్లవాణ్ణి బడికి పంపడానికి అడ్డేమిటి?

ఇంతదాకా పరాయి దేశపు సంగతి గనుక ధైర్యంగా రాశాను. ఇక నా సంగతి.

2003లో నేనొక చిన్న పట్టణంలో విచారణ గురువుగా ఉన్నప్పుడు గురుగృహం సెప్టిక్ ట్యాంకు నిండింది. వంటమనిషి ఎవరినో కుదిర్చాడు. సాయంత్రం చీకటిపడ్డాక ఒకాయన, వెంట పదిహేనేళ్ళ కొడుకు వచ్చారు. బేరం నేనే ఆడాను, యాభై రూపాయలు తగ్గించాను కూడా. మూత తీయగానే వాసన వచ్చింది. నేను కిటికీలు వేసుకుని లోపల కూర్చుని జపాల పుస్తకం తెరిచాను. కాసేపటికి కేకలు వినిపించాయి. వెళ్ళి చూస్తే ఆ అబ్బాయిని తండ్రి పైకి లాగి నేలమీద పడుకోబెట్టాడు. కళ్ళు తేలేశాడు. దేవుని దయవల్ల నీళ్ళు చల్లి విసురుతుంటే తేరుకున్నాడు. ఆ ట్యాంకుల్లో పుట్టే వాయువు మొదట కుళ్ళు కంపు కొట్టినా, మోతాదు ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియకుండా చేస్తుందని, కాపాడడానికి దిగినవాణ్ణి కూడా తీసుకుపోతుందని నాకు తరువాత తెలిసింది. ఆ రాత్రి వాళ్ళు పని పూర్తిచేసే వెళ్ళారు. ఒప్పుకున్న డబ్బుకు ఇంకొంత కలిపి ఇచ్చాను. అబ్బాయి పేరు అడగలేదు.

ఇప్పుడు మనకు తెలియదు అనడానికి వీలు లేదు. 2013 నాటి చట్టం మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని నిషేధించింది. మున్సిపాలిటీ అయినా, కాంట్రాక్టరు అయినా, మామూలు ఇంటివాడైనా ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఆ పని చేయించరాదన్నది. మొదటి తప్పుకే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా వేయవచ్చు. చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. పీల్చుకునే ట్యాంకరు బండి ఇప్పుడు చిన్న పట్టణాలకు కూడా వస్తున్నది. స్మార్ట్ గారి బోలు కర్రల్లాంటిదే అది. సాధనం ఉన్నది, చట్టం ఉన్నది. ఇంకా మనిషి దిగుతున్నాడంటే, ఎవరో ఒక ఇంటివాడు బండి గొట్టం పట్టే దారి పెట్టించుకోలేదన్నమాట. లేదా ఐదొందలు తక్కువకు ఎవరైనా వస్తారేమో చూడమన్నాడన్నమాట. ఈ పనికి వచ్చేవారు ఏ కులంవారో మీకు తెలుసు. మన గుడిలో చాపమీద మన పక్కనే కూర్చునే వారి బంధువులు కూడా వారిలో ఉన్నారు.

మొన్నటి ఇంటికి మళ్ళీ వస్తాను. ఆశీర్వాదం అయ్యాక, టీ తాగి బయలుదేరుతూ పోర్టికోలో నిలబడి, "ట్యాంకు ఎక్కడ కట్టారు బాబూ?" అని అడిగాను. ఆ ఇంటాయన నా కాళ్ళకింద చూపించాడు. తళతళలాడే గ్రానైట్ పలకలు, ఎక్కడా మూత జాడ లేదు. "కారు పెట్టుకోవడానికి బాగుంటుందని మూత మీదనుంచి పరిచేశామండి. నిండటానికి పదేళ్ళు పడుతుందన్నాడు మేస్త్రీ. అప్పుడు పగలగొట్టి, ఎవరినో ఒకరిని దింపితే వాళ్ళే చూసుకుంటారన్నాడు."

ఆ మేస్త్రీ మా విచారణవాడే. ఆదివారం పూజ తరువాత ఒకసారి కనిపించమని కబురు పెట్టాను. మూత ఉన్నచోట పలక తీసి, ఎత్తడానికి వీలుగా చట్రంలో కూర్చోబెడితే సరిపోతుందట, ఒక పూట పని. ఇంటాయన సరేనన్నాడు. నున్నగా పరిచిన రాయి మధ్యలో అతుకు కనిపిస్తుందని ఆ ఇల్లాలికి మాత్రం ఇంకా మనసు ఒప్పడం లేదు.